పేరొక్కటి, గాయకులు పెక్కురు

బిట్రగుంట వారికి ఈనాటి ప్రశ్న క్రొత్తది కాదు. ఆవిరియింజనుల దినములలో మా స్టేషనున బండికి ఇంజను మారెడిది, డ్రైవరు మారెడివాడు. అయినను మదరాసు పోవు బండి మదరాసు బండిగనే సాగిపోయెడిది. ఒక పాటల దళమున మనుష్యులు మాటిమాటికి మారుచుండగా ఆ దళపు పేరు ఎవరిది? అమెరికాలో ఈ తగవు న్యాయస్థానమునకు ఎక్కినది. ఆ కథ మనవి చేసెదను.

కాలిఫోర్నియా సముద్రతీరమున హెర్మోసా బీచి యను చిన్న పట్టణము కలదు. అచ్చట 1976లో గ్రెగ్ గిన్ అను యువకుడు ఒక దళమును కూర్చెను. కొంతకాలమునకు దానికి బ్లాక్ ఫ్లాగ్, అనగా నల్లజెండా యని పేరిడిరి. 1928లో మనవారు సైమను సంఘమునకు చూపిన జెండాతో దీనికి చుట్టరికము లేదు. ఏ ప్రభుత్వమును వలదనువారికి పశ్చిమదేశములలో అది గురుతు. వీరి సంగీతమును హార్డ్‌కోర్ పంక్ అందురు. ఆలాపన లేదు, నెరవులు లేవు. పెక్కు పాటలు రెండు నిమిషములలో ముగియును. గాయకుడు, రెండు విద్యుత్ గిటార్లు, డ్రమ్ములు, అంతియే మేళము. నా చెవికి అది కేకవలెనే వినబడును. కాని ఆ కేకలో యువకుల కోపమున్నది. పోలీసులు వారి కచేరీలను పలుమారు ఆపివేసిరి.

మన బుర్రకథలో నడుమ తంబురాతో కథకుడు, ఇరుప్రక్కల వంతలు. ఒక వంత రాజకీయము పలుకును, ఒక వంత హాస్యము. వంత మారినను స్థానము మారదు. కథకుడు మారినచో మాత్రము జనము ఒప్పుకొనరు. షేక్ నాజర్ లేని నాజర్ దళము ఊహకందునా? నల్లజెండావారి సంగతి తలక్రిందులు. అచ్చట మారినది గాయకుడే.

మొదటివాడు కీత్ మోరిస్, 1979లో తొలగి వేరొక దళము పెట్టుకొనెను. రెండవవాడు రాన్ రేయెస్, 1980లో కచేరి నడుమనే వెడలిపోయెను. మూడవవాడు డెజ్ కడేనా, పాడి పాడి గొంతు అలసి గిటారు చేపట్టెను. 1981లో వచ్చిన హెన్రీ రాలిన్స్ వాషింగ్టనున ఐస్‌క్రీము అంగడిలో పనిచేయువాడు. శ్రోతగా వచ్చి, వేదిక నెక్కి ఒక పాట పాడి, దళమువారి పిలుపు నందుకొనెను. 1986లో దళము విచ్ఛిన్నమగువరకు అతడే గాయకుడు. ఈ పదియేండ్లును నిలిచినవాడు గిన్ ఒక్కడే. పాటలలో పెక్కు అతడు కట్టినవే. రికార్డులు వెలువరించిన సంస్థయు అతనిదే.

2013లో మోరిస్, కడేనా మొదలగు పాతవారు ఫ్లాగ్ అను పేర ఆ పాటలనే పాడసాగిరి. గిన్ కూడ రేయెస్‌ను పిలిచి బ్లాక్ ఫ్లాగును లేవనెత్తి, పాతవారిపై వ్యాజ్యము వేసెను. వారిని ఆపుటకు న్యాయస్థానము అక్టోబరులో నిరాకరించెను. మరుసటి యేట ఉభయులు రాజీపడిరి. పాట కట్టినవాని పాలు పెద్దదే యని నా తలంపు. కాని దానికై గొంతు అరుగదీసికొన్నవానికి పాలే లేదనుట ఏ పంపకమున చెల్లును? చిత్రమేమనగా, ఒకనాడు నడుమనే వెడలిపోయిన రేయెస్‌ను 2013 నవంబరులో కచేరి ముగియకమునుపే వేదికనుండి దింపివేసిరి.

గిన్ 2025లో, డెబ్బది యేండ్లు దాటిన ప్రాయమున, ముగ్గురు యువజనులతో అదే పేర దళమును మరల కూర్చెను. ఈసారి పాడునది ఒక యువతి. ఆ ముగ్గురిలో ఒక్కరును 1986 నాటికి పుట్టినవారు కారు.