పెద్దపేగు క్యాన్సర్: మందు కొనేముందు అడగవలసిన ప్రశ్న



మన సంఘం వైద్య సహాయ నిధికి ఏటా చేయూతనిస్తున్న దాతలకు, ఆ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు మేము నేర్చుకున్న ఒక పాఠాన్ని ఈ సంచికలో విన్నవించుకోదలిచాం. ఇందులో కొంత సైన్సు ఉంది. పిల్లలకు చెప్పినట్టే, వీలైనంత తేలికగా చెబుతాం.

కొన్నేళ్ల క్రితం మన ప్రాంతంలోని ఒక పెద్దాయనకు మలంలో రక్తం పడడం మొదలైంది. మొలలని అనుకున్నారు. ఏడాదికి పైగా ఆకు మందులు, పూతమందులు వాడారు. సిగ్గుపడి ఇంట్లో కూడా సరిగా చెప్పలేదు. మనిషి బాగా చిక్కిపోయాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పెద్దపేగు క్యాన్సర్ అని, అప్పటికే కాలేయానికి పాకిందని తేలింది. మామూలు కీమోథెరపీతో పాటు ఖరీదైన ఇంజెక్షన్ ఒకటి రాశారని ఆయన కొడుకు చీటీ పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. జుమా నమాజు తర్వాత కూర్చుని, ఎంత కష్టమైనా ఆ ఇంజెక్షన్ కొనివ్వాల్సిందేనని తీర్మానించేశాం. కొందరు అక్కడికక్కడే డబ్బు తీసి ఇచ్చారు.

అప్పుడు ఫార్మసీ చదువుకున్న మన కుర్రాడొకడు, “ఈ ఇంజెక్షన్‌కు ముందు జన్యు పరీక్ష చేయాలి కదా, చేశారా?” అని అడిగాడు. మాలో ఒక్కరికీ జవాబు తెలియదు. డాక్టరు గారిని అడిగితే పరీక్ష అవసరమేనని, ఫలితం రాకుండా మొదలుపెట్టవద్దని చెప్పారు. తొందర మాదే. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను పరీక్షకు పంపించాం. ఆ మందు ఆయనకు పనిచేయదని ఫలితం వచ్చింది. కొని ఉంటే నిధి మొత్తం ఖర్చయ్యేది, ఆయనకు మిగిలేది ఒంటి మీద దద్దుర్లు, నీరసం మాత్రమే. ఆ డబ్బు ఆయన మిగతా వైద్యానికి, రానుపోను ఖర్చులకు, మరో ఇద్దరు రోగులకు సరిపోయింది. ఆయన ఏడాదిన్నర మన మధ్య ఉన్నారు. ఆఖరి రంజాన్‌లో కుర్చీలో కూర్చుని తరావీహ్ చదివారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

ఒక పరీక్ష ఇంత తేడా ఎలా తెచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

కాలింగ్ బెల్ కథ

పెద్దపేగు లోపలి పొర నిత్యం పాతకణాలను వదిలి కొత్తవి తయారు చేసుకుంటుంది. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆజ్ఞలు డీఎన్‌ఏలో జన్యువుల రూపంలో రాసి ఉంటాయి. ఆ రాతలో తప్పులు పడితే ముందు చిన్న బుడిపె, అంటే పాలిప్, వస్తుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకూ పడుతుంది. తప్పు మీద తప్పు చేరుతూ పాలిప్ క్యాన్సర్ అవుతుందని అమెరికాలో ఫియరన్, వోగల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు 1990లో వివరించారు.

కణం గోడ మీద ఈజీఎఫ్ఆర్ అనే మీట ఉంటుంది. దాన్ని కాలింగ్ బెల్ స్విచ్ అనుకోండి. బయట నుంచి ఎవరైనా నొక్కితే లోపల ‘పెరుగు’ అనే గంట మోగుతుంది. స్విచ్‌కూ గంటకూ మధ్య ఉన్న తీగల్లో ఒకటి రాస్ జన్యువులు తయారుచేసే ప్రోటీను. సెటుక్సిమాబ్ వంటి ఖరీదైన ఇంజెక్షన్ చేసే పని ఎవరూ నొక్కకుండా స్విచ్‌కు మూత వేయడం. అయితే లోపల తీగే షార్ట్ అయిపోయి గంట ఆగకుండా మోగుతుంటే స్విచ్‌కు మూత వేసి ఏం లాభం? కేరాస్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఈ మందు వల్ల ప్రయోజనం లేదని 2008లో స్పష్టంగా తేలింది. అంతకు ముందు ఎంతోమందికి పరీక్ష లేకుండానే ఇచ్చారు. పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి రాస్ జన్యువుల్లో ఏదో ఒక మార్పు ఉంటుంది. మన పెద్దాయన ఆ సగంలోని వారే.

రెండో పరీక్ష ఎంఎంఆర్. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పడే తప్పులను దిద్దే ప్రోటీన్లు కణంలో ఉంటాయి. పరీక్ష పేపరు దిద్దే పంతులు లాంటివన్నమాట. ఆ పంతులు సెలవులో ఉన్న కణితిలో తప్పులు వేలల్లో పేరుకుపోతాయి. విచిత్రమేమంటే అది రోగికి ఒక విధంగా మేలు. తప్పులు ఎక్కువైన కణాన్ని శరీరంలోని రక్షణ సేన పరాయిదిగా గుర్తుపడుతుంది. ఆ సేనకు కట్టిన కళ్లెం విప్పేదే ఇమ్యునోథెరపీ. ఇలాంటి లోపం ఉన్న పురీషనాళ క్యాన్సర్ రోగులు 12 మందికి న్యూయార్క్‌లో ఈ మందు మాత్రమే ఇస్తే, ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ లేకుండానే అందరిలోనూ కణితి కనబడకుండా పోయిందని 2022లో ప్రకటించారు. ఈ లోపం అందరిలో ఉండదు. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన దశలో వందలో నలుగురైదుగురికే ఉంటుంది. అది లేనివారికి ఈ మందు ఒంటరిగా దాదాపు పనిచేయదు.

ఈ లోపం వంశంలో వచ్చేదైతే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డలు ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగం. అలాంటి ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వయసులో ఉండగానే కొలనోస్కోపీ చేయించుకుంటే పాలిప్ దశలోనే తీసేయవచ్చు. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు చేసుకునే మనవంటి కుటుంబాలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం సంక్రమిస్తే బిడ్డకు చిన్నతనంలోనే క్యాన్సర్ రావచ్చు. ఇది చాలా అరుదు. కానీ ఇంటి చరిత్ర డాక్టరుకు దాచకుండా చెప్పడానికి ఇది తగిన కారణం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే

పత్రికల్లో ఈ మధ్య మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్న మాట తరచు కనబడుతోంది. దీన్ని కనుగొన్నందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. 1993లో వారు దాన్ని చూసింది ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. మనుషుల్లోనూ ఉంటుందని 2000లో తెలిసింది.

బడి భాషలో చెబుతాం. అసలు రిజిస్టరు హెడ్మాస్టరు గదిలో ఉంటుంది, బయటకు రాదు. అది డీఎన్‌ఏ. అందులోని ఒక్కో ఆజ్ఞకు నకలు రాసి తరగతులకు సర్క్యులర్‌గా పంపుతారు. అది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. సర్క్యులర్ అందాక తరగతిలో పని జరుగుతుంది, అంటే ప్రోటీను తయారవుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 అక్షరాలున్న చిన్న చీటీ. అది వెళ్లి సర్క్యులర్‌కు అతుక్కుని ‘ఇది అమలు చేయవద్దు’ అంటుంది. కొద్ది అక్షరాలు కలిస్తే చాలు అతుక్కుంటుంది కాబట్టి ఒకే చీటీ ఎన్నో సర్క్యులర్లను ఆపగలదు.

క్యాన్సర్‌లో ఈ చీటీల లెక్క తప్పుతుంది. లెట్-7 అనే చీటీ రాస్ సర్క్యులర్‌ను అదుపులో పెడుతుంది. అది తగ్గితే ముందు చెప్పిన గంట గట్టిగా మోగుతుంది. మిర్-143, మిర్-145 అనేవి పెద్దపేగు క్యాన్సర్‌లో తగ్గిపోతాయని 2003లోనే గమనించారు. మిర్-21 ఇందుకు వ్యతిరేకం. అది పెరిగి, పెరుగుదలకు బ్రేకు వేసే సర్క్యులర్లను ఆపేస్తుంది. కణితిలో మిర్-21 ఎక్కువున్న రోగులు తక్కువ కాలం బతికారని అమెరికా, హాంకాంగ్ రోగుల మీద చేసిన అధ్యయనం 2008లో చూపించింది. ఫ్లూరోయురాసిల్ అనే కీమో మందుకు కణితి లొంగకపోవడంలోనూ దీని హస్తం ఉందని 2010లో ప్రయోగశాలలో గుర్తించారు.

ఈ చీటీలు రక్తంలో త్వరగా చెడిపోవు. అందుకే ఒక్క రక్తపు చుక్కతో జబ్బును ముందే పట్టవచ్చా, ఏ మందు పనిచేస్తుందో చెప్పవచ్చా అని ప్రపంచమంతటా వెతుకుతున్నారు. మందుగా వాడే ప్రయత్నమూ జరిగింది. మిర్-34 నమూనాతో చేసిన మందును క్యాన్సర్ రోగుల మీద పరీక్షిస్తుండగా, తీవ్రమైన దుష్ఫలితాలు కనబడి 2016లో ఆపేశారు.

కాబట్టి దాతలు ఒక తేడా గుర్తుంచుకోవాలి. రాస్, బీరాఫ్, ఎంఎంఆర్ పరీక్షలు ఈనాటి వైద్యంలో భాగం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసి మందు ఎంచుకుంటామని ఎవరైనా వేలు అడిగితే, ముందు క్యాన్సర్ డాక్టరును అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.

మన తెలుగు నేల మీద

ఈ వైద్యంలో మనవారి పాలు తక్కువేమీ కాదు. ఫ్లూరోయురాసిల్‌కు బలం పెంచడానికి ల్యూకోవోరిన్ కలిపి ఇస్తారు. అది ఫోలిక్ ఆమ్లం నుంచి వచ్చిన రూపం. అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పరిశోధనను నడిపించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇక పరిశోధన మాట. పాశ్చాత్య దేశాల్లో పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువభాగం ఏపీసీ అనే జన్యువు చెడి, డబ్ల్యుఎన్‌టీ అనే సంకేత మార్గం అదుపు తప్పడంతో మొదలవుతుంది. చిన్న వయసులోనే ఈ జబ్బు బారినపడ్డ మన దేశపు రోగుల కణితులను హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ సంస్థలో డాక్టర్ మురళీధరన్ బాశ్యం బృందం పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించింది. గణనీయమైన భాగంలో ఆ పాత మార్గం కనబడలేదు. అంటే మనవాళ్ల జబ్బు వేరే దారిన వస్తూ ఉండవచ్చు. ఎక్కడో దొరికిన గుర్తులు మనకు అచ్చంగా సరిపోతాయని అనుకోకూడదు, మన రోగుల మీద మన దగ్గరే పరిశోధన జరగాలి. పరిశోధనకు కణితి ముక్క ఇస్తారా అని డాక్టరు అడిగినప్పుడు, విషయం తెలుసుకుని ఒప్పుకోవడం కూడా ఒక సదకాయే అని మేము భావిస్తున్నాం.

దాతలకు మనవి

రోగాన్ని ఇచ్చిన అల్లాహ్ దానికి మందు కూడా ఇచ్చాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. మందు ఉండడం ఒక ఎత్తు, ఎవరికి ఏ మందో తెలుసుకోవడం మరో ఎత్తు. ఆ రెండో పనికి సాయం చేయవలసింది మనం.

మా మనవి మూడు మాటలు. మొదటిది, క్యాన్సర్ సాయంలో ముందు పరీక్షకు డబ్బు ఇద్దాం, మందు తర్వాత. ఏ నిధి నుంచి ఇవ్వాలో, జకాత్ ఎవరికి చెల్లుతుందో ఆలిములను అడిగి నిర్ణయించుకుందాం. రెండోది, రోగిని ఒంటరిగా పంపవద్దు. మన నెల్లిమర్లలోనే మిమ్స్ వైద్య కళాశాల ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చదువుకున్నవారు ఒకరు తోడు వెళ్లి, రిపోర్టులు ఫైలులో పెట్టించి, ‘రాస్ చేశారా, ఎంఎంఆర్ చేశారా’ అని మర్యాదగా అడిగితే చాలు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఖర్చు కూడా తక్కువ. మలంలో రక్తం, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత కనిపిస్తే మొలలేనని సరిపెట్టుకోవద్దు. కంటికి కనబడని రక్తాన్ని మలంలో పట్టే చిన్న పరీక్ష ఉంది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే మిగిలినవారు ఎప్పటి నుంచి పరీక్ష చేయించుకోవాలో డాక్టరును అడగాలి. ముఖ్యంగా మన ఆడవాళ్లు సిగ్గుతో చెప్పరు. వారిని అడగవలసిన బాధ్యత ఇంటివాళ్లది.

ఆ పెద్దాయన మొదటి నెలలోనే నోరు విప్పి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదేమో. వచ్చే ఏడాది మన వైద్య శిబిరంలో ఈ పరీక్షకు ఒక బల్ల వేయాలని మా కోరిక. మీ చేయి తోడైతే, ఇన్‌షా అల్లాహ్, అది జరుగుతుంది.