యంత్రం కన్నా ముందు ఇల్లు

బాల్టిమోర్ నగరంలో వీధి పొడవునా గోడకు గోడ ఆనుకొని నిలిచిన ఇటుక ఇళ్లు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో చాలావాటి వయస్సు నూరేళ్లకు పైమాటే. అలాంటి ఒక ఇంట్లో స్థిరపడిన తెలుగు దంపతులను ఊహించుకోండి. జనవరి నెల, బయట నీరు గడ్డకట్టే చలి. పదిహేడేళ్ల కిందట పాత యజమాని పెట్టించిన హీట్ పంపు రెండు రోజులుగా మూలుగుతూ, ఆ రాత్రి ఆగిపోయింది. మేడమీద పసిబిడ్డ, కింది గదిలో తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన. తెల్లవారగానే వచ్చిన మెకానిక్ అయిదు నిమిషాలు చూసి, "దీని పని అయిపోయింది. ఇదే సైజుది కొత్తది రేపు బిగించేస్తాం" అన్నాడు.

వణుకుతున్న ఇంట్లో ఆ మాట అమృతంలా వినిపిస్తుంది. కాని రాబోయే పదిహేనేళ్ల సుఖాన్నీ ఖర్చునూ నిర్ణయించే పొరపాటు తరచుగా జరిగేది ఆ క్షణంలోనే.

ఇంతకూ హీట్ పంపు అంటే ఏమిటి? వేసవిలో మన ఊళ్లలో ఏసీ వెనుక నిలబడితే ముఖాన వేడిగాలి కొడుతుంది. గదిలోని వేడిని మోసుకొచ్చి బయట పారబోయడమే దాని పని. అదే యంత్రం చలికాలంలో దిశ మార్చుకొని, బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేస్తే హీట్ పంపు అవుతుంది. గడ్డకట్టే చలిలో వేడి ఎక్కడుంటుందన్న సందేహం సహజం. సున్నా డిగ్రీల గాలి సైతం పరమశూన్య ఉష్ణోగ్రత కంటే 273 డిగ్రీలు వెచ్చనిదే. ఆ గాలికన్నా చల్లగా ఉండే ద్రవం గొట్టాలలో ప్రవహిస్తూ, దాని వేడిని పీల్చుకొని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమినప్పుడు అది మరింత వేడెక్కుతుంది. ఆ వేడి ఇంటికి అందుతుంది. వేడిని సృష్టించక, కేవలం మోసుకురావడం వల్లనే ఒక యూనిట్ విద్యుత్తుతో సాధారణ చలిలో రెండు మూడు యూనిట్ల వేడి లభిస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1852లోనే దీని సూత్రాన్ని వివరించాడు. స్విట్జర్లండులోని జ్యూరిచ్‌లో లిమ్మాట్ నదిని ఆనుకొని 17వ శతాబ్దంలో కట్టిన సభాభవనానికి, 1930ల చివర, నదీజలం నుంచి వేడిని తీసుకునే పంపును అమర్చారు. అది 2001 వరకు, ఆరు దశాబ్దాలకు పైగా పనిచేసింది. ఎండకూ మంచుకూ తడుస్తూ పెరట్లో నిలబడే నేటి ఇంటి యంత్రాలకు అంతటి ఆయుర్దాయం లేదు. పదిహేనేళ్లు దాటితే వార్ధక్యమే.

ఆ వార్ధక్యం చడీచప్పుడూ లేకుండా వస్తుంది. పంపు శక్తి తగ్గినకొద్దీ, లోటు తీర్చడానికి లోపలి విద్యుత్ తీగచుట్టలు పనిచేయడం మొదలుపెడతాయి. ఇల్లు వెచ్చగానే ఉంటుంది; కాని ఆ చుట్టలు ఒక యూనిట్ విద్యుత్తుకు ఒక యూనిట్ వేడినే ఇస్తాయి. కనుక యంత్రం బలహీనపడిన సంగతి మొదట తెలిసేది కరెంటు బిల్లుకే.

ఆపద్ధర్మంగా ఉపయోగపడేవి కూడా ఆ తీగచుట్టలే. చాలా ఇళ్లలో గోడమీది థర్మోస్టాట్‌కు 'ఎమర్జెన్సీ హీట్' అనే మీట ఉంటుంది. అది వేస్తే పంపు ఆగినా తీగచుట్టలు ఇంటిని కాపాడతాయి. ఖర్చు ఎక్కువే, అయినా ఆ ఖర్చుతో కొనేది కొద్దిరోజుల వ్యవధి. ఆ వ్యవధిలో కొలవవలసినది పాత యంత్రాన్ని కాదు, ఇంటిని.

మనవాళ్లు "టన్నున్నర ఏసీ" అంటూ ఉంటారు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగడానికి ఎంత వేడి కావాలో, ఆ లెక్కన వేడిని తరలించే శక్తికి టన్ను అని పేరు. సుమారు మూడున్నర కిలోవాట్లు. పాత పంపు నాలుగు టన్నులది అయినంత మాత్రాన ఇంటికి నాలుగు టన్నులు కావాలని లేదు. గోడలు, కిటికీలు, పైకప్పు, గాలి చొరబడే సందులు లెక్కించి అవసరాన్ని తేల్చే 'మాన్యువల్ జె' అనే పద్ధతి అమెరికాలో వాడుకలో ఉంది. ఇరువైపులా పొరుగిళ్ల గోడలు కాచే వరుస ఇంటికి ఆ లెక్క తక్కువే తేలవచ్చు. అవసరానికి మించిన యంత్రం వల్ల నష్టమే: అది మాటిమాటికీ ఆగి మొదలవుతూ త్వరగా అరుగుతుంది, బాల్టిమోర్ ఉక్కవేసవిలో గదిని చటుక్కున చల్లబరిచి, తేమను మాత్రం వదిలేస్తుంది.

వీధి తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లోని గాలిని బయటికి లాగే పరీక్ష ఒకటి ఉంది. అప్పుడు చలిగాలి దూరే సందులన్నీ బయటపడతాయి. వాటిని మూసి, పైకప్పు కింద వేడిని నిలిపే ఇన్సులేషన్ పరిపిస్తే ఇంకా చిన్న పంపు సరిపోవచ్చు. గాలిని మోసే రేకు గొట్టాల అతుకులు ఊడి ఉంటే, ఎంత మంచి యంత్రమైనా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

"బయటి భాగం మార్చితే చాలు, లోపలిది బాగానే ఉంది" అన్న సలహాను కూడా తేలికగా నమ్మరాదు. ఆనాటి పంపులలో పెక్కింటిలో ఆర్-22 అనే వాయువు ఉండేది. అది ఓజోను పొరకు హాని చేస్తుంది కాబట్టి అమెరికాలో 2020 నుంచి దాని ఉత్పత్తి, దిగుమతి నిలిపివేశారు. 2025 నుంచి తయారయ్యే గృహ యంత్రాలలో ప్రధానంగా ఆర్-32, ఆర్-454బి వాడుతున్నారు. ఇవి కొద్దిగా మండే గుణం గలవి. కనుక లోపలి, బయటి భాగాలు ఒకదానికొకటి సరిపడేవి కావాలి, బిగించేవారికి తగిన శిక్షణ ఉండాలి. రెండు మూడు చోట్ల అంచనాలు అడిగినప్పుడు ధరకన్నా ముందు వేయవలసిన ప్రశ్న ఒకటే: "ఇంటి లెక్క కట్టారా?"

మన కథలోని దంపతులు ఆ ప్రశ్న వేశారనుకుందాం. మీట వేసి పది రోజులు ఓపిక పట్టారు. సందులు మూయించారు. నాలుగు టన్నుల చోట మూడు టన్నుల పంపు వచ్చింది. మరునాడు పెద్దాయన శాలువా కప్పుకొని పెరట్లోకి వెళ్లి, దాని ముందు చేయి పెట్టి చూశాడు.

"ఇదేమిటమ్మా, ఇంత చలిలోనూ బయటికి చల్లగాలే తోలుతోంది?"

"ఆ గాలిలోని వేడి మన గదిలోకి వచ్చింది, మావయ్యగారూ" అంది కోడలు.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అంత కష్టపడి తెచ్చిన వేడి మళ్లీ సందుల్లోంచి పారిపోకుండా ముందే చూసుకున్నారు. మంచిపని చేశారు" అంటూ లోపలికి వచ్చి, తలుపు గట్టిగా మూశాడు.