మీకు తెలుసా?

భిలాయి పక్కనున్న కుమ్హారిలో 2024 ఏప్రిల్ 9 రాత్రి, డ్యూటీ దిగి ఇళ్లకు వెళ్తున్న కార్మికుల బస్సు మొరం తవ్విన గోతిలోకి సుమారు 40 అడుగుల లోతుకు పడిపోయింది. కనీసం 12 మంది చనిపోయారు.

• ఇలాంటి చోట అంబులెన్సు గట్టు మీదే ఆగాలి. గాయపడినవారిని స్ట్రెచర్‌కు కట్టి, జారే మట్టి మీద చేతులతో మోసుకుంటూ పైకి తేవాలి.

• బస్సు కదలకుండా ఆపు పెట్టాకే లోపలికి దిగాలి. చీకట్లో మెడ, వెన్ను కదలకుండా మనిషిని బయటికి తీయడం మరీ కష్టం.

• సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని వెనకాడకండి. మంచి మనసుతో సాయపడేవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేసినప్పుడు గోతి లోతు కూడా చెప్పండి.