బోదకాలు ఎవరికి వస్తుంది?

పెనుగొండ నుంచి ఏ దిక్కుకు వెళ్ళినా మీకు నీరు కనబడుతుంది. ఒక ప్రక్క పంట కాలువ, మరొక ప్రక్క చెరువు, ఇంకాస్త దూరం పోతే మురుగు కాలువ. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు ఈ డెల్టా అంతటా పారింది. పొలాలు పచ్చబడ్డాయి. కాని పారే నీరు ఉన్నచోట నిలిచే నీరు కూడా ఉంటుంది. ఇళ్ళ మధ్య నిలిచిన మురుగునీరు దోమలకు పుట్టినిల్లు.

మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడండి. ఏనుగు కాలులా వాచిన కాలిని ఈడ్చుకుంటూ నడిచే మనిషి ఎవరో ఒకరు వారికి గుర్తుండే ఉంటారు. ఆ జబ్బే బోదకాలు. వైద్యులు దీన్ని ఫైలేరియా అంటారు. పాపం చేసినందువల్ల వస్తుందని కొందరు, ప్రక్కన కూర్చుంటే అంటుకుంటుందని మరికొందరు అనుకునేవారు. రెండూ నిజం కావు.

అయితే ఒక ప్రశ్న. దోమలు అందరినీ కుడతాయి కదా! మరి బోదకాలు కొందరికే ఎందుకు వస్తుంది?

దారం వంటి పురుగు

ఈ జబ్బుకు కారణం సన్నని దారంలా ఉండే పురుగు. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇది మన శరీరంలోని శోషరస నాళాలలో అయిదారేళ్ళో, అంతకంటే ఎక్కువ కాలమో బ్రతుకుతూ లక్షలాది పిల్లపురుగులను కంటుంది. ఆ పిల్లపురుగులు రక్తంలో చేరుతాయి. చిత్రమేమిటంటే మన దేశంలో అవి పగలు ఎక్కువగా ఊపిరితిత్తులలో దాగి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రిపూటే! అందుకే ఫైలేరియా పరీక్షకు ఆరోగ్య సిబ్బంది రాత్రి పూట వచ్చి వేలికొస నుంచి రక్తం తీసుకుంటారు.

దోమ కడుపులోకి పోయిన పిల్లపురుగు రెండు వారాలలోపు ఎదిగి, ఆ దోమ మరొకరిని కుట్టినప్పుడు చర్మం మీదికి జారి, కాటు రంధ్రం గుండా లోపలికి ప్రాకుతుంది. దోమకు ఈ పురుగుతో సంబంధం ఉందని పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లో చైనాలో పనిచేస్తూ కనుగొన్నాడు.

ఒక్క కాటు చాలదు

మలేరియా రావడానికి ఒక్క దోమకాటు చాలవచ్చు. బోదకాలు అలా కాదు. మలేరియా క్రిమి దోమలో వేలకు వేలుగా పెరుగుతుంది. ఈ పురుగు దోమలో ఎదుగుతుందే గాని సంఖ్యలో పెరగదు. పైగా ఆడపురుగు, మగపురుగు రెండూ ఒకే మనిషిలో చేరాలి. కనుక జబ్బు రావాలంటే ఏళ్ళ తరబడి వందల, వేల కాట్లు పడాలి.

ఇప్పుడు ఆలోచించండి. అన్ని కాట్లు ఎవరికి పడతాయి? మురుగుగుంట ప్రక్కన పాక వేసుకున్నవారికి, దోమతెర కొనలేక అరుగు మీద పడుకునేవారికి. కిటికీలకు వలలున్న మేడలోని వారికీ కాట్లు పడతాయి, కాని తక్కువ. రోజుకు కొద్ది కాట్ల తేడా పదేళ్ళకు ఎంతవుతుందో లెక్క వేయండి. మన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు

ఈ పిల్లపురుగులను చంపే మందు వెనుక మన గోదావరి ప్రాంతపు మనిషి ఉన్నాడని మీకు తెలుసా? ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన శాస్త్రజ్ఞులు 1947లో డైఈథైల్ కార్బమజైన్ అనే మందును వెలువరించారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం ప్రారంభమైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాలలో ఏటా ఒకసారి అందరికీ ఈ మాత్రలు పంచసాగారు.

“నాకు జబ్బు లేదు, మాత్ర ఎందుకు?” అని చాలామంది అడుగుతారు. పిల్లపురుగులున్న మనిషి ఏళ్ళ తరబడి ఆరోగ్యంగానే కనబడతాడు. అతని రక్తం నుంచే దోమ పురుగును మరొక ఇంటికి మోస్తుంది. కనుక మేడవారూ, పాకవారూ అందరూ మ్రింగితేనే గొలుసు తెగుతుంది. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణీలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

మందు లేకుండానే మాయమైన ఊరు

అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో కూడా ఒకప్పుడు ఈ జబ్బు ఉండేది. అక్కడ మురుగునీటి పారుదల, నీటి సరఫరా బాగుపడ్డాక 1930ల నాటికి అది కనుమరుగయింది. అప్పటికి మందే పుట్టలేదు! మన పొరుగున ఉన్న శ్రీలంక నుంచి ఈ జబ్బు తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించింది. అయినా 2000 నాటికి ప్రపంచంలో 12 కోట్ల మందికి పైగా ఇది సోకి ఉండేది. వారిలో అత్యధికులు పేద దేశాల ప్రజలే.

కాలు కడగడానికీ నీరే కావాలి

ఒకసారి బాగా వాచిన కాలు మాత్రలతో పూర్వపు రూపానికి రాదు. కాని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, పుండ్లకు మందు రాస్తే మాటిమాటికీ వచ్చే చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం బాగా తగ్గుతాయి. దీనికి కావలసినవి శుభ్రమైన నీరు, సబ్బు, చెప్పులు. ఇవి కూడా లేని ఇల్లు ఉంటుంది. జ్వరం వచ్చిన రోజు కూలి పోతుంది. కూలి పోతే సబ్బు కొనడం మరీ కష్టం. పేదరికం జబ్బును పెంచుతుంది; జబ్బు పేదరికాన్ని పెంచుతుంది.

ఈ ఆదివారం మీరు, మీ స్నేహితులు ఊళ్ళో ఒక పటం గీయండి. మురుగు ఎక్కడ నిలిచిందో, దాని ప్రక్కన ఎన్ని ఇళ్ళున్నాయో గుర్తుపెట్టండి. పటం పూర్తయ్యాక మీ సైన్సు మాస్టారికి చూపి, ఆయనతో కలిసి పంచాయతీ కార్యాలయానికి తీసుకువెళ్ళండి. మురుగు ముందు ఏ వీధిలో తీయాలో ఆ పటమే చెబుతుంది.