క్యాసెట్ బాగానే ఉంది, తీగ సంగతి చూడండి

పాత క్యాసెట్ల సంచితో మా షాపు మెట్లెక్కేవాళ్లలో చాలామంది తీర్పు ఇంటి దగ్గరే ఇచ్చేసి వస్తారు. "క్యాసెట్ పోయిందండీ, కంప్యూటర్‌కి పెడితే ఏమీ రావట్లేదు" అంటారు. ముందు కెమెరాలోనే వేసి, దాని బుల్లి తెర మీద ఆడించి చూడమంటాను. బొమ్మ వస్తుంది, మాటా వినిపిస్తుంది. అక్కడ శుభ్రంగా ఆడిందంటే క్యాసెట్‌కేమీ కాలేదన్నమాట. జబ్బు కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య ఎక్కడో ఉంది.

భీమవరంలో పెళ్లి వీడియోలు తీసినవాణ్ని. ప్యానసోనిక్ ఎండీ 10000 భుజాన మోసిన తరం మాది. ఇప్పుడా పని కుర్రాళ్లకు వదిలేసి, పాత మినీ డీవీ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఈ డీవీ పద్ధతి 1995లో వచ్చింది. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన హ్యాండీక్యామ్ రూపంలోనో, పెళ్లి వీడియోవాళ్లు ఆల్బంతోపాటు ఇచ్చిన మాస్టర్ క్యాసెట్ల రూపంలోనో మన ఇళ్లలోకీ చేరింది.

ఈ క్యాసెట్ మీద ఉన్నది అంకెలు. వీహెచ్ఎస్ టేపులా బొమ్మను ఆడిస్తూ మళ్లీ రికార్డు చేసుకోనక్కర్లేదు. ఉన్న అంకెలను ఉన్నవున్నట్టు దించుకుంటే చాలు, నాణ్యత వీసమెత్తు తగ్గదు. అందుకోసం పెట్టిన దారి ఫైర్‌వైర్. సోనీవాళ్లు దాన్నే ఐ-లింక్ అన్నారు. చాలా కెమెరాల మీద ఆ రంధ్రం పక్కన ఉత్తినే 'డీవీ' అని ఉంటుంది.

మొన్నామధ్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు పండక్కి వచ్చి మా షాపులో కూలబడ్డాడు. "బాబాయ్ గారూ, యూఎస్‌బీ పెట్టగానే కెమెరాని గుర్తుపట్టింది. తెరిచి చూస్తే నాలుగు ఫొటోలున్నాయంతే. మా తమ్ముడి అన్నప్రాశన వీడియో ఏమైపోయినట్టు?" అన్నాడు. ఎక్కడికీ పోలేదు నాయనా, నువ్వు వేరే గుమ్మంలోంచి పిలుస్తున్నావన్నాను. మినీ డీవీ కెమెరాల్లో యూఎస్‌బీ ఉన్నది ఎక్కువగా మెమరీ కార్డులోని ఫొటోలు దించుకోవడానికి, వెబ్‌క్యామ్‌గా వాడుకోవడానికి. కొన్ని మోడళ్లలో టేపు బొమ్మ కూడా యూఎస్‌బీలో వస్తుంది గానీ, చిన్నగా, మసగ్గా వస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

ఆన్‌లైన్‌లో ఒక కొన యూఎస్‌బీ, ఇంకో కొన ఫైర్‌వైర్ ఉన్న తీగలు కారుచౌకగా అమ్ముతున్నారు. కొనకండి. రెండు కొనలూ చక్కగా అతుకుతాయి, బొమ్మ మాత్రం రాదు. ఆ రెండూ పనిచేసే తీరే వేరు. ఉత్త తీగ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చలేదు.

కావలసింది నిజమైన ఫైర్‌వైర్ పోర్టు. డెస్క్‌టాప్ అయితే కార్డు వేయించుకోవచ్చు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నదాన్ని అడిగి తీసుకోండి, తలనొప్పులు తక్కువ. పాత ల్యాప్‌టాప్‌ల పక్కన చిన్న నాలుగు పిన్నుల పోర్టు ఉంటే మీ అదృష్టం. కెమెరా వైపు కూడా అదే నాలుగు పిన్నులది. డెస్క్‌టాప్ వైపు ఆరు పిన్నులు. వాటిలో రెండు కరెంటువి, 30 వోల్టుల దాకా రావచ్చు. ఆ ప్లగ్గును తిరగేసి బలవంతంగా నొక్కారంటే పోర్టుతోపాటు కెమెరాకూ ఎసరొస్తుంది. రెండూ ఆపి తీగ పెట్టాకే ఆన్ చేయడం మా షాపులో రూలు.

తీగ సరైనదే, అయినా కంప్యూటర్ ఉలకదూ పలకదూ అంటే డ్రైవర్ చూడాలి. విండోస్ 7లో 'లెగసీ' అనే పాత ఫైర్‌వైర్ డ్రైవర్ జాబితాలోనే ఉండేది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని ఎంచుకుంటే చాలా మొండి కెమెరాలు దారికొచ్చేవి. విండోస్ 8 నుంచి దాన్ని తీసేశారు. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన ఫైలు ఎక్కించుకుని, మళ్లీ మనమే ఎంచుకోవాలి. యాపిల్‌వాళ్లయితే 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోతో ఫైర్‌వైర్‌కు పూర్తిగా నీళ్లొదిలారు. అందుకే కొత్త సిస్టమ్‌తో కుస్తీ పట్టడం కంటే అటక మీది పాత కంప్యూటర్‌ను దింపడం మేలంటాను. నెట్ కనెక్షన్ పీకేసి దీనికే వాడుకోండి.

ఇక కెమెరా. స్విచ్ 'కెమెరా' దగ్గర ఉంటే టేపు ఆడదు. 'ప్లే' అనో 'వీసీఆర్' అనో ఉన్నచోటికి తిప్పాలి. బ్యాటరీతో కాకుండా అడాప్టర్ పెట్టి నడపాలి. విన్‌డీవీ అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంత పనికి అది చాలు. గంట టేపు దాదాపు 13 జీబీ తింటుంది. "20 నిమిషాలు కాగానే ఆగిపోతోందండీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందని అడుగుతాను. ఫ్యాట్ 32 అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు, అది నిండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ఎన్‌టీఎఫ్ఎస్‌కు మారిస్తే ఆ గొడవ తీరుతుంది, కానీ ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి. మధ్యమధ్య ఫ్రేములు ఎగిరిపోతుంటే యాంటీవైరస్‌నూ, నిద్రపోయే సెట్టింగునూ ఆపి చూడండి.

కెమెరా తెర మీదే బొమ్మ చెడిపోయి కనిపిస్తే మాత్రం అసలు పని అప్పుడు మొదలవుతుంది. గడులు గడులుగా విరిగిపోవడం వేరు, అడ్డపట్టీలు రావడం వేరు. మన పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేమును టేపు మీద 12 ఏటవాలు గీతలుగా రాస్తారు. ఒక్కో గీత, తెర మీద ఒక్కో అడ్డపట్టీ. నిమిషానికి 9000 చుట్లు తిరిగే డ్రమ్ము మీది రెండు హెడ్లు వాటిని వంతులవారీగా చదువుతాయి. కాబట్టి ఒక పట్టీ కదులుతూ, దాని కింది పట్టీ బిగుసుకుపోయి, ఇలా తెరంతా వరసగా కనిపించిందంటే ఒక హెడ్‌కు మురికి పట్టిందని చూడగానే చెప్పేయొచ్చు. పొడి క్లీనింగ్ క్యాసెట్ వేసి పది సెకన్లు ఆడించి తీసేయండి. అంతకుమించి వద్దు, అది హెడ్‌ను అరగదీస్తుంది. దూది పుల్లలు లోపల పెట్టి గెలికి కెమెరాలు చంపుకున్నవాళ్లను చూశాను.

పట్టీల్లేకుండా ఊరికే గడులు వస్తుంటే ఎల్‌పీ సంగతి అడగండి. గంట క్యాసెట్‌లో గంటన్నర పట్టించడానికి గీతలను 10 మైక్రాన్ల నుంచి 6.67కు ఇరికించిన పద్ధతది. తీసిన కెమెరాలో తప్ప ఇంకోదానిలో ఒక్కోసారి ఆడదు. పీడీ 170 లాంటి కెమెరాల్లో డీవీక్యామ్‌లో తీసిన పెళ్లి టేపులూ అన్ని ఇంటి కెమెరాల్లో ఆడవు. అమెరికాలో తీసినవి ఎన్‌టీఎస్‌సీవి, వాటికి అక్కడి కెమెరానే వెతకాలి. మా గోదావరి జిల్లాల ఉక్కలో ఇంకో బెడద ఉంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా తెర మీద నీటిబొట్టు గుర్తు వస్తుంది. లోపల చెమ్మ చేరిందన్నమాట. క్యాసెట్ తీసి, మూత తెరిచి ఓ గంట వదిలేయండి.

ఎక్కించాక కదిలేచోట్ల మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. అది లోపం కాదు, ఇంటర్‌లేస్ వీడియో అలాగే ఉంటుంది. ఫోన్‌లో చూసుకునే ఎంపీ4 కాపీ చేసేటప్పుడు డీఇంటర్‌లేస్ చేసుకోండి. అసలు ఏవీఐ ఫైలును మాత్రం ముట్టుకోకుండా రెండు డిస్కుల్లో దాచండి.

మినీ డీవీ కెమెరాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడిభాగాలు దొరకడం కష్టం. టేపు కంటే ముందు పోయేది కెమెరానే. మీ ఇంట్లోది పనిచేస్తుంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఉన్న టేపులన్నీ అయ్యేదాకా ఉంచండి. ఇదంతా మనవల్ల కాదనుకుంటే ఏ షాపుకైనా ఇవ్వండి, కానీ డీవీడీ చేతిలో పెడతామంటే ఒప్పుకోవద్దు. మీ హార్డ్ డిస్క్ మీరే తీసుకెళ్లి, డీవీ ఏవీఐ ఫైలే అందులో వేసి ఇమ్మనండి.