ఒకసారి చేసిన లెక్క మళ్ళీ చేయడమెందుకు?

మాది భద్రాచలం దాటి చర్ల దారిలో, ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి ఉన్న ఊరు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినా మా నాయన ఇప్పటికీ 'మన ఖమ్మం జిల్లా' అనే అంటాడు. మాకు రెండెకరాల మిరప తోట, కొంచెం వరి ఉన్నాయి. క్రిందటి సంవత్సరం సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు బోరు దగ్గర నిలబడి ఆయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

"నీళ్ళు తగ్గుతున్నయిరా. తోటకు రోజుకు ఎన్ని నీళ్ళు చాలునో మీ కాలేజీ లెక్కల్లో ఉంటదా?"

ఉంటుంది. 1948లో పెన్‌మన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక సూత్రం తయారుచేశాడు. 1965లో మాంటీత్ దానిని విస్తరించాడు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో దానినే ప్రమాణంగా స్వీకరించింది. నేల నుంచి ఆవిరయ్యే నీరు, ఆకుల గుండా పోయే నీరు, ఈ రెండూ కలిపి రోజుకు ఎన్ని మిల్లీమీటర్లో ఆ సూత్రం చెబుతుంది. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, ఎండ నుంచి నికరంగా చేరే శక్తి తెలిస్తే చాలు. వచ్చే జవాబు పొట్టి గడ్డి నేలకు సంబంధించినది. దానిని పైరును బట్టి, పైరు వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేసుకోవాలి.

ఉదాహరణకు గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, తేమ 70 శాతం, గాలి సెకనుకు 2 మీటర్లు, శక్తి చదరపు మీటరుకు 15 మెగాజౌళ్ళు అనుకుంటే రోజుకు సుమారు 5.6 మిల్లీమీటర్లు వస్తుంది. ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. కనుక ఇది ఇరవై రెండు వేల లీటర్ల పైమాటే.

నాకు అసలు సందేహం మరొకటి. మా వసారాలో వేలాడుతున్నది సంతలో కొన్న థర్మామీటరు. అది ఒక డిగ్రీ తప్పు చూపితే ఎకరానికి ఎన్ని లీటర్లు తేడా వస్తుంది? ఇంటర్మీడియట్ చదివిన వారెవరైనా చెబుతారు, సూత్రాన్ని ఉష్ణోగ్రత దృష్ట్యా అవకలనం చేయాలని. నేను కాగితం మీద మొదలుపెట్టి రెండో పేజీలో ఎక్కడో ఒక ఋణ గుర్తు పోగొట్టుకున్నాను. అప్పుడు ఒక స్నేహితుడు సింపై సంగతి చెప్పాడు. 2005లో ఒండ్రెజ్ చెర్టిక్ మొదలుపెట్టిన ఉచిత సాధనమిది. పైథాన్ భాషలో అంకెలతో కాక అక్షరాలతో బీజగణితం చేస్తుంది. సూత్రం ఇవ్వగానే రెప్పపాటులో అవకలజం ఇచ్చింది. తెరమీద ఐదారు పంక్తులు పరుచుకుంది!

ఒక్క రోజుకు కాదు, 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ళకూ చూద్దామనుకున్నాను. నాసా వారి పవర్ సేవ నుంచి మా ప్రాంతపు దినవారీ అంకెలు ఉచితంగా దొరికాయి. మొత్తం 10,958 రోజులు. ఒక్కో రోజుకు కొలతల్లో చిన్న చిన్న తప్పులు కల్పించి వందసార్లు లెక్క వేయాలి. అంటే 10,95,800 సార్లు. మా అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ మీద ఒక్కో లెక్కకు పది మిల్లీసెకన్లు పట్టింది. మొత్తం మూడు గంటలు. రెండు గంటలు దాటాక కరెంటు పోయింది. పాత బ్యాటరీ కదా, దానితోపాటు లెక్కా పోయింది.

ఆ రాత్రి దీపం ముందు కూర్చుని ఆలోచించాను. లెక్క ఇంత నెమ్మదిగా ఎందుకు సాగుతోంది?

మొదటి కారణం, సింపైకి మన సూత్రం ఒక చెట్టు. మొదట్లో భాగహారం, దాని కొమ్మలకు కూడికలు, వాటి రెమ్మలకు గుణకారాలు, చివర ఆకుల్లా ఉష్ణోగ్రత, తేమ. అక్షరం స్థానంలో అంకె పెట్టమన్నప్పుడల్లా అది చెట్టంతా ఎక్కి దిగి, కొత్త చెట్టు కట్టి, అప్పుడు విలువ చెబుతుంది. అక్షరాలతో పని చేసేటప్పుడు అది అవసరమే. అంకెలు వేసేటప్పుడు శుద్ధ దండుగ. కాబట్టి చెట్టును ఒక్కసారి చదివి మామూలు ప్రమేయంగా వ్రాసి పెట్టుకోవాలి. సింపైలో ఆ పని చేసే దాని పేరు లాంబ్డిఫై. దీనితో మూడు గంటల పని పదిహేను సెకన్లకు వచ్చింది. నేను నమ్మలేక గడియారం చూసుకున్నాను.

రెండవది, లెక్కలను ఒక్కొక్కటిగా పంపడం. మా ఊరి నుంచి ఖమ్మం మిర్చి యార్డుకు నలభై బస్తాలు పంపాలంటే బస్తాకొక ఆటో కట్టం కదా! నంపై అనే గ్రంథాలయం రోజుల ఉష్ణోగ్రతలన్నీ ఒకే వరుసగా తీసుకుని ఒకేసారి లెక్క వేస్తుంది. పైథాన్ ప్రతి అంకె దగ్గరా ఆగి 'ఇది ఏ రకం సంఖ్య?' అని అడగడం తప్పుతుంది. ఇది చేశాక సెకను లోపే.

మూడవదే నాకు అన్నిటికంటే నచ్చినది. గాలి ఎంత తేమను పట్టగలదో చెప్పేందుకు సూత్రంలో ఒక ఘాతీయ ప్రమేయం ఉంది. అది సూత్రంలో నాలుగు చోట్ల వస్తుంది. భాగహార సూత్రం ప్రకారం అవకలనం చేశాక పదికి పైగా చోట్ల తేలుతుంది. అన్ని చోట్లా ఒకటే విలువ. ఒక గుణకారం కంటే ఘాతీయ ప్రమేయం ఎన్నో రెట్లు ఖరీదైన పని. కలుపు తీసే పదిమంది కూలీలు తాగే నీళ్ళ కోసం పదిసార్లు బావికి పోయినట్లున్నదిది. ఒకరు పోయి కుండ నింపి గట్టు మీద పెడితే సరిపోయే దానికి!

సమాసంలో మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాలను వెతికి, ఒక్కొక్కదానికి పేరు పెట్టి, ఒక్కసారే లెక్కించి నిలవ ఉంచుకోవడాన్ని ఉమ్మడి ఉపసమాసాల తొలగింపు అంటారు. ఇది కొత్తదేమీ కాదు. 1957 నాటి మొదటి ఫోర్ట్రాన్ అనువాదకం కూడా ఈ పని చేసేది. సింపై 2021లో వచ్చిన 1.9 వెర్షన్ నుంచి లాంబ్డిఫైలోనే దీనికి ఒక మీట పెట్టింది. అయితే మనం అడిగితే తప్ప అది నొక్కదు. నొక్కాక నా యంత్రం మీద మిగిలిన సమయం మూడో వంతుకు తగ్గింది.

'ఇవన్నీ అనువాదకమే చూసుకోదా?' అని కంప్యూటర్ శాఖ మిత్రులు అడగవచ్చు. పైథాన్ చూసుకోదు. సీ భాష అనువాదకం కొంత చూసుకుంటుంది గాని బీజగణితం చేయడానికి జంకుతుంది. దానికి కారణం ఉంది. యంత్రంలో 0.1, 0.2 ముందు కలిపి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కలిపితే సరిగ్గా 0.6 వస్తుంది. వరుస మారితే జవాబు మారుతుంది కనుక మన అనుమతి లేనిదే అది కదిలించదు. ఎక్కడ కదిలించినా ఫరవాలేదో సూత్రం ఎరిగిన వాడికే తెలుస్తుంది. తేమకు సంబంధించిన రెండు పదాల్లో ఉమ్మడి కారణాంకం బయటకు తీస్తే అవకలనానికి ముందే ఒక ఘాతీయ ప్రమేయం తగ్గిపోతుంది. అది నేను చేత్తోనే చేశాను.

తెలుగు లెక్చరర్‌గారు ఛందస్సు పాఠంలో ప్రస్తారం చెప్పినప్పుడు మనలో సగం మంది నిద్రపోయాం. ఇరవైనాలుగు అక్షరాల ఛందస్సులో గురులఘువుల అమరికలు ఎన్ని అంటే రెండును ఇరవైనాలుగుసార్లు హెచ్చవేయాలి. పింగళుడు సంఖ్య సరి అయితే సగం చేయమన్నాడు, బేసి అయితే ఒకటి తీయమన్నాడు. తిరుగు దారిలో సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు. ఒకటితో మొదలుపెడితే 2, 4, 8, 64, 4096, చివరకు 1,67,77,216. మొత్తం ఆరు మెట్లు! ఘాతాలున్న సూత్రాలకు ఈనాటి ప్రోగ్రాములు వాడుతున్నదీ ఇటువంటి ఉపాయమే.

ఇక నా పొరపాటు. వేగం వచ్చిన ఉత్సాహంలో ప్రమేయానికి ఉష్ణోగ్రత ఇవ్వాల్సిన చోట తేమ, తేమ ఇవ్వాల్సిన చోట ఉష్ణోగ్రత ఇచ్చాను. యంత్రం నోరెత్తలేదు. 5.6 రావలసిన చోట 10.9 వచ్చింది. నేను గర్వంగా ఎకరానికి నలభైనాలుగు వేల లీటర్లని చెబితే మా నాయన నవ్వాడు. "అన్ని పెడితే తోట వేరు కుళ్ళి చస్తది. మళ్ళీ చూసుకో పో." చూసుకున్నాను. అప్పటి నుంచి ఏ కొత్త ప్రమేయాన్నైనా ఒక రోజుకు నెమ్మది పద్ధతిలోనూ లెక్క కట్టి, రెండూ సరిపోతేనే మిగతా రోజులు వదులుతున్నాను.

పై గుండ్రటి అంకెల రోజుకు జవాబు ఇదీ. థర్మామీటరు ఒక డిగ్రీ తప్పితే తేడా 0.09 మిల్లీమీటరు, అంటే ఎకరానికి దాదాపు 370 లీటర్లు. తేమ పది శాతం తప్పు కొలిస్తే 0.47 మిల్లీమీటరు, అంటే సుమారు 1,900 లీటర్లు. గాలి వేగం సెకనుకు ఒక మీటరు తప్పితే 0.33 మిల్లీమీటరు. సంత థర్మామీటరుకు వచ్చిన భయమేమీ లేదన్నమాట. కొనవలసింది తేమ కొలిచే సాధనం.

ఇప్పుడు సింపై చేతనే ఆ సూత్రాన్ని సీ భాషలో వ్రాయించాను. ఆర్డ్యునో ఊనో అనే చిన్న బోర్డుకు జ్ఞాపకశక్తి రెండు కిలోబైట్లే. పైథాన్ అందులో కాలు పెట్టలేదు, ఈ పది పంక్తులు మాత్రం హాయిగా పడతాయి. బోరు మోటారు పెట్టె పక్కన దాన్ని బిగించాలని ఉంది. మా నాయన మాత్రం ముందు ఎలుకలు తీగలు కొరకకుండా ఏం చేస్తావో చెప్పమంటున్నాడు.