కుర్చీలో కొలిచిన నీళ్ళు

ముప్ఫై ఏళ్ళు నీళ్ళ గురించి రాశాను. కథలో, కవితలో అనుకునేరు. మునిసిపాలిటీలో నీటి సరఫరా సెక్షన్ గుమాస్తాగా రిజిస్టర్లు రాశాను. ఏ ఊరో చెప్పను. కోస్తాలోనే, మోస్తరు ఊరు. ఇప్పుడు రిటైరై అమలాపురంలో ఉంటున్నాను గనక, ఆ ఊరు ఇదేననుకోకండి.

పొద్దున్నే పంపు హౌసుకి ఫోను చేసేవాణ్ణి. "ఎన్ని గంటలు ఆడిందయ్యా మోటారు?"

"నిన్నటిలాగే వేసేసుకోండి బాబూ."

నిన్న ఎనిమిది గంటలు. మొన్నా ఎనిమిదే. మధ్యలో కరెంటు రెండు గంటలు పోయిన రోజు కూడా ఎనిమిదే. మోటారుకి ఒక రేకు బిళ్ళ కొట్టి ఉంటుంది, గంటకి ఎన్ని లీటర్లు తోడుతుందో దాని మీద ఉంటుంది. దాన్ని గంటలతో హెచ్చవేసి, ఊరి జనాభాతో భాగించేస్తే మనిషికి రోజుకి ఇన్ని లీటర్లు అని వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని. ఆ బిళ్ళ మాత్రం మోటారు కొత్తలో కొట్టింది. లోపల ఇంపెల్లర్ అరిగిపోయిందనీ, సాయంత్రం ఓల్టేజీ పడిపోతుందనీ, ట్యాంకుకి వెళ్ళే దారిలో రెండు చోట్ల పైపు చెమరుస్తోందనీ బిళ్ళకేం తెలుస్తుంది? నాకు తెలుసు. తెలిసీ రాశాను.

ఆ అంకె ఎంత దూరం వెళ్ళేదో మొదట్లో నాకు తెలియదు. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పట్టణ సేవలకి ప్రమాణాలు పెట్టింది. సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కులు అనేవాళ్ళం. నీటి సరఫరాకి తొమ్మిది గడులు. ప్రతి ఇంటికీ కుళాయి ఉండాలి, మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలి, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు రావాలి, ప్రతి కుళాయికీ మీటరుండాలి, బిల్లుకి రాని నీరు 20 శాతం దాటకూడదు... ఇలా. పదమూడో ఆర్థిక సంఘం వచ్చాక వీటికి డబ్బు ముడిపెట్టారు. పనితీరు గ్రాంటు కావాలంటే, ఈ ఏడు ఎంత ఇచ్చాం, వచ్చే ఏటికి ఎంత ఇస్తాం అన్నది మార్చి 31 లోపల గెజెట్‌లో అచ్చు కావాలి. ఇంక చూడండి, మార్చి ఆఖరు వారమంతా ఆఫీసులో రాత్రి పదింటిదాకా లైట్లు వెలిగేవి. నీళ్ళు పెరిగాయా లేదా అన్నది కాదు, గడులు నిండాయా లేదా అన్నదే మా హడావిడి.

ఆ ప్రమాణాలు రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. మాబోటివాళ్ళుంటారని వాళ్ళకి ముందే తెలుసు. అందుకే ప్రతి అంకె పక్కనా ఇంకో గడి పెట్టారు. ఈ అంకెని ఎంతవరకు నమ్మొచ్చు? ఎ, బి, సి, డి. పెద్ద పైపులకి మీటర్లు పెట్టి రోజూ రీడింగు తీస్తే ఎ. కుర్చీలో కూర్చుని అంచనా కడితే డి. నా సర్వీసులో నేను రాసిన నిజం ఏదైనా ఉందంటే ఆ డి ఒక్కటే. పైవాళ్ళెవరూ ఆ గడి చదివిన దాఖలా లేదు. అందరూ పక్కనున్న 135 వైపే చూసేవారు.

135 అంటే ఎంతో బిందెల్లో చెప్తే మనకి తెలుస్తుంది. మన బిందె పదిహేను లీటర్లు పడుతుందనుకుంటే, మనిషికి తొమ్మిది బిందెలు. నలుగురున్న ఇంటికి ముప్ఫై ఆరు. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్ళకి 70 లీటర్లు చాలని కేంద్రం వాళ్ళ ఇంజనీరింగు మాన్యువల్‌లో ఉంది, అంటే అయిదు బిందెల లోపు. పల్లెలకైతే 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ 55 లీటర్లు పెట్టింది. మూడున్నర బిందెలకి కాస్త పైన. రాజోలు సెంటర్లోనో కొత్తపేటలోనో నిలబడి చూడండి, మేడలు, షాపులు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లు. చూస్తే పట్నాలే. కాగితం మీద పంచాయతీలు. అమలాపురంలో ఉన్నవాడికి తొమ్మిది బిందెల హక్కు, రాజోలులో ఉన్న వాడి వియ్యంకుడికి మూడున్నర. దాహాన్ని ఏ జీవోతో కొలుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ నీటి పొదుపు మాట ఎత్తితే నవ్వుతారు. "అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ. గోదారిని పక్కలో పెట్టుకుని పొదుపేంటండీ మేస్టారూ" అంటారు. (గుమాస్తాలందర్నీ మేస్టారనే పిలుస్తారు మా వీధిలో.) ఆయ్, నిజమే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ కోనసీమకి నీళ్ళు గుమ్మంలోకే వచ్చాయి. ఇంటి వెనక కాలవ, కాలవకి రేవు, రేవు పక్కన కొబ్బరిచెట్టు. నీళ్ళు లెక్కపెట్టాల్సిన అవసరం మా తాతలకి రాలేదు.

కానీ ఏడాదికోసారి కాలవలు కట్టేస్తారు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలవగానే, ఏప్రిల్ మధ్యనో నెలాఖరునో ధవళేశ్వరం దగ్గర తలుపులు దించేస్తారు, మళ్ళీ జూన్ మొదట్లోనే ఎత్తడం. పూడికలు తియ్యాలి, గట్లు వెయ్యాలి, లాకులు బాగుచెయ్యాలి. ఆ నెలా నెలన్నరా ఊళ్ళు తాగేది ముందే చెరువులో నింపుకున్న నీళ్ళు. సమ్మర్ స్టోరేజీ ట్యాంకంటారు, మామూలుగా మంచినీళ్ళ చెరువు. అంటే ఆ రోజుల్లో ఇక్కడ నీళ్ళు బ్యాంకులో డబ్బులాంటివి. వేసేది లేదు, తియ్యడమే.

సరదాకి ఒక లెక్క కట్టాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అమలాపురం జనం 53,231. మనిషికి 135 చొప్పున రోజుకి దగ్గర దగ్గర 72 లక్షల లీటర్లు. నలభై అయిదు రోజులకి 32 కోట్ల లీటర్ల పైచిలుకు. మూడు మీటర్ల లోతున నిలబెట్టాలంటే ఇరవై ఆరు, ఇరవై ఏడు ఎకరాల చెరువు కావాలి. దాని మీద ఎండ రోజుకి అయిదారు మిల్లీమీటర్లు తాగేస్తుంది. నెలన్నరకి జానెడు పైనే. నేల ఇంకించుకునేది వేరే. కోనసీమలో ఎకరం ధర తెలిసినవాళ్ళకి, పొదుపు చవకో చెరువు చవకో నేను చెప్పక్కర్లేదు.

బోరు వేసుకుంటే పోలా అంటారు. ఇదే అసలు చిక్కు. మన కాళ్ళ కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలా. దీని లెక్క భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగు నిలబడితే, కింద సుమారు నలభై అడుగుల దాకా అది ఉప్పుని అణిచిపెడుతుంది. తిరగేస్తే, పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి రావడానికి చూస్తుంది. అంతర్వేది వైపు పెద్దవాళ్ళకి ఈ శాస్త్రం పేరు తెలీకపోయినా పని తెలుసు. ఇసకలో లోతు తక్కువ దొరువు తవ్వి, పైపైన చేదుకునేవారు. లోతుగా తవ్వితే ఉప్పు పడుతుందని వాళ్ళకి ఎవరూ సర్క్యులర్ పంపలేదు.

చట్టాలు మాత్రం లేవనడానికి వీల్లేదు. 2002లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన వాల్టా ఉంది, నీరూ నేలా చెట్టూ మూడింటికీ కలిపి ఒకే చట్టం. దాని ప్రకారం జనం తాగే బోరుకో బావికో 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు దించకూడదు. 2020 అక్టోబర్ 8న కేంద్ర భూగర్భ జల సంస్థ ఇంకో అడుగు వేసింది. తాగే నీటిని వృథా చెయ్యకూడదు, దుర్వినియోగం చెయ్యకూడదు అని పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది. అది మనబోటి ఇంటివాళ్ళకే కాదు, నీళ్ళు సరఫరా చేసే మునిసిపాలిటీలకీ వర్తిస్తుంది. మొదట్లో ఆ చట్టం ఉల్లంఘనకి జైలు దాకా ఉండేది. 2024 నుంచి జైలు తీసేసి జరిమానాకి మార్చారు, పదివేల నుంచి పదిహేను లక్షల దాకా. తల లేని వీధి కుళాయి పొద్దస్తమానం కారుతూ ఉంటుంది కదా, దానికి ఆ జరిమానా ఎవరు ఎవరికి వెయ్యాలి? ఎన్ని లీటర్లు పోయాయని వేస్తారు? మళ్ళీ మొదటికే వచ్చాం. కొలత లేదు.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. 2015లో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు అక్కడ నాలుగో ఏడు కరువు. ఆ ఏప్రిల్ 1న వాళ్ళ గవర్నర్ జెర్రీ బ్రౌన్ సియెర్రా నెవాడా కొండల్లో, నిలువెత్తు మంచు ఉండాల్సినచోట ఎండుగడ్డి మీద నిలబడి, పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆజ్ఞ ఇచ్చాడు. నన్ను ఆకట్టుకున్నది ఆజ్ఞ కాదు, ఆజ్ఞలు మనకీ కొదవ లేదు. దాని వెనకున్న లెక్క. నాలుగు వందల పైచిలుకు నీటి సంస్థలకి, అంతకుముందు ఎంత వాడాయో చూసి, ఒకదానికి 4 శాతం, ఇంకోదానికి 36 శాతం అని కోటా వేశారు. ప్రతి సంస్థా నెలనెలా వాడకం రాసి పంపాలి. అది ఎవరైనా చూసుకునేలా బయటపెడతారు. కోటా తప్పినందుకు అక్టోబర్లో బెవర్లీ హిల్స్ ఊరికి 61,000 డాలర్ల జరిమానా పడింది. సినిమా తారలుండే ఊరండీ! కరువు పోయాక కూడా వదల్లేదు. 2018లో చట్టం చేసి, ఒక్కో సంస్థ ఎంత వాడొచ్చో కట్టే నిబంధనని 2025 జనవరి నుంచి అమల్లో పెట్టారు. మా అమ్మాయి ఇంటికొచ్చే బిల్లు మీద గజిబిజిగా ఏవో బొమ్మలుంటే చూశాను, పోయినేడు ఇదే నెలలో ఎంత వాడారు, ఇప్పుడెంత అని. ఆ అంకెల్ని ఏ గుమాస్తా కుర్చీలో కూర్చుని రాయలేదు. గోడ పక్కన నేలలో పాతిన మీటరు రాసింది.

అక్కడ పచ్చగడ్డి ఎండబెట్టుకున్నారు కాబట్టి మనమూ ఏదో ఎండబెట్టుకోవాలని నేననను. మన వృథా వేరే రకం. గంటో రెండు గంటలో నీళ్ళొదిలే ఊళ్ళో ప్రతి ఇల్లూ ఏం చేస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. కుళాయి వచ్చే వేళకి నిన్నటి బిందెలు పారబోసి కొత్తవి పడతారు. పాత నీళ్ళట! నిన్నొచ్చిందీ అదే చెరువులోంచి. రేపు రావేమోనన్న భయంతో సంపు నింపుతారు, కొందరు పైపుకే మోటారు బిగించి పక్కవాడి వాటా లాగేస్తారు. లైనులో ఒత్తిడి పడిపోయాక, పైపుకి చిల్లుంటే పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. అప్పుడు క్లోరిన్ పెంచుతారు. చివరి కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని నిబంధన. నీళ్ళలో మందుచుక్క వేస్తే పసుప్పచ్చగా మారాలి. మా రిజిస్టర్లో రోజూ మారేది. ఆ వాసన పడక జనం టిన్ను నీళ్ళు కొంటారు. గోదావరి నీళ్ళలో కరిగిన లవణాలు మామూలుగా లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే. అంత తక్కువున్నచోట ఆర్ఓ అక్కర్లేదని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. అయినా వీధికో ఆర్ఓ ప్లాంటు. ఒక టిన్ను మన చేతికి రావడానికి ఇంకో టిన్నో రెండు టిన్నులో కాలవలో పడతాయి. ఆ పడే నీళ్ళు ఎవరి నివేదికలోనూ లేవు.

ఇవన్నీ వీధరుగు మీద కూర్చుని చెప్తుంటే మా ఆవిడ ఒకరోజు, "ఊళ్ళోవాళ్ళ లెక్కలు ముప్ఫై ఏళ్ళు రాశారు కదా, మనింటికి ఎంతవుతుందో చెప్పండి" అంది. చెప్పలేకపోయాను. మర్నాడు హార్డువేరు షాపుకెళ్ళి అర అంగుళం నీటి మీటరు తెచ్చి, ప్లంబరు చేత సంపు నుంచి పైకి వెళ్ళే పైపుకి బిగించాను. ఇద్దరం మనుషులం. 135 చొప్పున 270, పద్ధెనిమిది బిందెలు. మేం ముసలివాళ్ళం, 200 దాటదు అన్నాను పందెం కట్టినట్టు.

వారం రోజుల రీడింగు సగటున రోజుకి 610 వచ్చింది.

మీటరు తప్పనుకున్నాను. ఆఫీసులో మీటర్లు వద్దన్నవాళ్ళంతా మొదట అనే మాట అదే. బిందె పెట్టి పట్టి చూస్తే మీటరు సరిగ్గానే ఉంది. ట్యాంకులోకి తోడే మోటారు రాత్రుళ్ళు ఎందుకాడుతోందా అన్న అనుమానం అప్పుడొచ్చింది. ఆటోమేటిక్ స్విచ్చి పెట్టించుకున్నాం కదా, హాయిగా నిద్రపోతున్నాం. మేడ మీద ట్యాంకు కిందికి మీటరు మార్పించి, అన్ని కుళాయిలూ కట్టేసి టార్చి వేసి చూశాను. అద్దం వెనక చిన్న నల్ల చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది. వెతగ్గా వెతగ్గా వెనక మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు. చప్పుడు లేదు. గోడ వెంట వెంట్రుకంత ధార, మేం ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ కారుతోందేమో. వాషరు ముప్ఫై రూపాయలు.

మార్చిన రాత్రి మళ్ళీ టార్చి వేశాను. చక్రం నిలబడిపోయి ఉంది. తెల్లారి మా ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పగానే కదిలింది. ఇప్పుడు గోడ క్యాలెండరు మీద పాల లెక్క పక్కన ఆవిడే రాస్తోంది, రోజుకో అంకె. నిన్న 238. నేను 230 అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.